హోల్ స్క్వేర్

ఇంటర్నెట్లో దొరికే చాలా బిట్ బ్యాంకుల్లో కాంతి వేగం సెకనుకి 324 మీటర్లు. "శూన్యంలో కాంతి వేగం 3 × 108 మీ/సె" అని ఉంటుంది. మూడు నూట ఎనిమిదులు 324. గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్ల పైచిలుకు వెళ్తుంది కాబట్టి, ఆ లెక్కన ముందు ఉరుము వినపడి తర్వాత మెరుపు కనపడాలి.

రాసినవాళ్ళు సరిగ్గానే రాసుంటారు, 3 × 10⁸ అని. పుస్తకంలోంచి పీడీఎఫ్‌లోకి, పీడీఎఫ్‌లోంచి వాట్సాప్‌లోకి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో కాపీ అయ్యేలోపు ఆ 8 మేడ దిగి వచ్చి 10 పక్కన కూర్చుంది. ఒక్క అంకె కూడా పోలేదు, ఎత్తు మాత్రం పోయింది. అవగాడ్రో సంఖ్యదీ ఇదే గతి. 6.022 × 10²³ కాస్తా 6.022 × 1023 అయి ఆరువేల చిల్లరకి పడిపోతుంది. చదివేవాళ్ళు నవ్వుకుని, మనసులో సర్దుకుని ముందుకెళ్ళిపోతారు. వాళ్ళకి అసలు సంగతి ముందే తెలుసు కాబట్టి. ముందే తెలియనివాళ్ళ సంగతి ఏంటనేది నన్ను కొన్నాళ్ళుగా పట్టుకున్న ప్రశ్న.

మామూలు వాక్యం ఒక దారం. ఒక కొసన మొదలుపెట్టి రెండో కొసదాకా వెళ్తాం. లెక్కకి అలా కుదరదు. దానికి మేడ ఉంటుంది, నేలమాళిగ ఉంటుంది. ఘాతం పైన కూర్చుంటుంది. హారం గీత కింద ఉంటుంది. వర్గమూలం గుర్తు తన చూరు ఎంతవరకూ చాపితే అంతవరకూ ఉన్నవాళ్ళందరూ దాని నీడలోకి వస్తారు. ఎవరు ఎవరి పైన, ఎవరు ఎవరి నీడన అన్నది తెలియకపోతే అంకెలన్నీ సరిగ్గా ఉన్నా లెక్క తప్పే. 2019లో 8 ÷ 2(2+2) ఎంత అని ట్విటర్‌లో జనం కొట్టుకున్నారు గుర్తుందా? కొందరికి 16, కొందరికి 1. అదే లెక్కని కాగితం మీద భిన్నంలా గీసి ఉంటే, గీత కింద ఏముందో చూసి అందరూ ఒకే జవాబు చెప్పేవాళ్ళు. మేడ మీద ఉండాల్సినదాన్ని దారానికి గుచ్చితే వచ్చిన తగువు అది.

మేడలు మొదట్నించీ ఉన్నవేం కాదు. సమానం గుర్తు పుట్టింది 1557లో. రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ వైద్యుడు "దీనికి సమానం" అని మాటిమాటికీ రాయలేక రెండు సమాంతర గీతలు గీశాడు. అంతకన్నా సమానమైనవి వేరే రెండు ఉండవు కదా అన్నది ఆయన వాదన. ఘాతాన్ని పైకెక్కించి రాసే పద్ధతి 1637లో డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది. సమాకలనం గుర్తు, అంటే సాగదీసిన ఎస్, 1675లో లైబ్నిజ్ కాగితాల మీద మొదటిసారి కనిపిస్తుంది.

అంతకు ముందు లెక్కలు ఎక్కువగా మాటల్లోనే ఉండేవి. మన దగ్గరైతే పద్యాల్లో. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యం చెవి కోసం కట్టేది. అందులో పైనా కిందా ఉండవు, విన్న వరసలోనే అర్థం కావాలి. సంస్కృత బీజగణితంలో తెలియని రాశిని "యావత్తావత్" అని పిలిచి "యా" అని కుదించి రాసేవారు. రెండో అజ్ఞాతం కావాల్సి వస్తే రంగుల పేర్లు. కాలకం "కా", నీలకం "నీ". మనం ఎక్స్, వై అంటున్న చోట వాళ్ళు నలుపు, నీలం అన్నారు.

గుర్తులొచ్చాక లెక్క కంటికీ చేతికీ తేలికైంది. అచ్చుకి మాత్రం బరువైంది. సీసపు అక్షరాలని వరసగా పేర్చే కంపోజిటర్‌కి ఒక భిన్నం వచ్చిందంటే వరస ఆపి, ముక్కలు పేర్చి, మధ్యలో గీత పెట్టి, ఖాళీలు బిగించాలి. ఇంగ్లీషు అచ్చు పనివాళ్ళు గణితాన్ని "పెనాల్టీ కాపీ" అనేవారు. దానికి రేటు ఎక్కువ. 1977లో డోనాల్డ్ కనూత్ తన పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు చూసుకుని, సీసపు అచ్చు పోయి ఫోటో అచ్చు వచ్చాక తన పేజీలు ఎంత వికారంగా తయారయ్యాయో చూసి తట్టుకోలేకపోయాడు. పుస్తకం పక్కన పెట్టి, గణితాన్ని అందంగా పేర్చే ప్రోగ్రామ్ రాయడానికి కూర్చున్నాడు. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్ళు పట్టింది. దాని పేరు టెక్. దాని మీద లెస్లీ లాంపోర్ట్ కట్టిన లేటెక్‌నే ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో సూత్రం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి డాలర్ గుర్తు పెట్టాలి. గణితం ఖరీదైనది కదా, అందుకని డాలర్ అని కనూతే రాశాడు.

*

మా తమ్ముడు లేకపోతే ఇవేవీ నాకు తెలియాల్సిన అవసరం వచ్చేది కాదు. నేను బతికేది అక్షరాల మీద, లెక్కల మీద కాదు.

తమ్ముడంటే పిన్ని కొడుకు. నరసరావుపేటలో ఉంటాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా. తొమ్మిదో తరగతికి బోర్డు పోయింది, పదో తరగతి అయ్యేసరికి పుస్తకం పోయింది. ఇంటర్‌లో ఎంపీసీ అడిగాడు. "బోర్డు కనపడనివాడికి లెక్కలెందుకమ్మా" అని పిన్నికి నచ్చజెప్పి సీఈసీలో చేర్చుకున్నారు. ఆ మాట అన్నాయన మంచివాడే, ఫీజు కూడా తగ్గించాడు. వాడు సీఈసీ పాసయ్యాడు, బీఏలో చేరాడు, లెక్కలు మాత్రం వదల్లేదు. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో ఇంటర్ లెక్కల పేపర్లు విడిగా కట్టాడు.

చదవడం ఎలా? వాడి కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. తెలుగు వార్తలు చదువుతుంది, కథలు చదువుతుంది, ఇదే పత్రికలో వ్యాసాలు చదువుతుంది. మెటీరియల్ పీడీఎఫ్ తెరిస్తే మాత్రం "కింది సమీకరణాన్ని సాధించండి" అని స్పష్టంగా చెప్పి, సమీకరణం దగ్గరికి వచ్చేసరికి "గ్రాఫిక్" అని ఊరుకుంటుంది. అక్కడున్నది బొమ్మ. చూసేవాళ్ళకి సమీకరణం, దానికి ఒక చదరం. కొన్ని పీడీఎఫ్‌లలో బొమ్మ బదులు అక్షరాలే ఉంటాయి. అప్పుడు పైవీ కిందవీ కలిపి ఒక్క దారంలో గుచ్చి చదువుతుంది. మొదటి వాక్యంలో చెప్పిన కాంతి వేగం అలాంటి చోట పుట్టిందే. "అక్కా, బొమ్మైతే లేదని తెలుస్తుంది. ఇదైతే ఉన్నట్టే ఉండి మోసం చేస్తుంది," అన్నాడు వాడు.

అందుకని ఆదివారాలు నేను ఫోన్లో చదివి పెట్టడం మొదలైంది. చదవడం అంటే ఏముంది, చూసి చెప్పడమే కదా అనిపిస్తుంది. "రూట్ ఎక్స్ ప్లస్ వన్" అని చెప్పి చూడండి. రూట్ ఎక్స్‌కి ఒకటి కలిపారా, ఎక్స్ ప్లస్ వన్ మొత్తానికి రూటా? "ఆ చూరు ఎక్కడ ఆగిందో చెప్పక్కా ముందు," అంటాడు.

మనందరికీ చిన్నప్పుడు లెక్కల మాస్టార్లు దీనికొక ఉపాయం నేర్పారు. దాన్ని ఉపాయం అని మనం ఎప్పుడూ గమనించలేదంతే. "ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్." ఆ "హోల్" చూడండి. అది నోటితో పెట్టిన బ్రాకెట్. బోర్డు వైపు తిరిగి రాస్తూ, వెనకున్న అరవైమందికీ చూడకుండానే అర్థమయ్యేలా చెప్పడానికి పుట్టిన మాట. "ఏ ప్లస్ బీ హోల్ బై సీ" అంటే గీత పొడవెంతో వినేవాడికి తెలిసిపోతుంది. ఇంగ్లీషు దొరలు ఇలా అనరని తర్వాతెప్పుడో తెలిసింది. మన క్లాసురూములో పుట్టిన ఇంగ్లీషు అది. వాళ్ళ వ్యాకరణానికి నచ్చినా నచ్చకపోయినా లెక్కకి మాత్రం సరిపోయింది.

ఎక్కడిదాకా సరిపోయిందన్నది తమ్ముడే చూపించాడు. "టూ ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అన్నావనుకో, ఆ టూ లోపలా బయటా?" హోల్ అన్నది బ్రాకెట్ ఎక్కడ మూయాలో చెప్తుంది, ఎక్కడ తెరవాలో చెప్పదు. చిన్న సూత్రాలకి ఫరవాలేదు. భిన్నంలో భిన్నం, దాని మీద ఘాతం, ఆ ఘాతంలో మళ్ళీ భిన్నం వస్తే మాస్టారి గొంతు చాలదు.

*

ఈ గొడవని మాకంటే ముందు పడ్డవాళ్ళు ఉన్నారు. అమెరికాలో ఏబ్రహాం నెమెత్ అని పుట్టుకతో చూపులేని గణితశాస్త్రవేత్త. 1950లలో బ్రెయిలీలో గణితం రాసే పద్ధతి ఒకటి తయారుచేశాడు. బ్రెయిలీ వేలి కింద సాగే దారం కదా, అందులో మేడలు కట్టడానికి లేదు. అందుకని భిన్నం మొదలైందని ఒక గుర్తు, గీత వచ్చిందని ఒక గుర్తు, భిన్నం అయిపోయిందని ఒక గుర్తు. తనకి చదివి పెట్టేవాళ్ళకి కూడా ఆయన అదే నేర్పాడు. "భిన్నం మొదలు" అను, పైది చెప్పు, "కింద" అను, కిందది చెప్పు, "భిన్నం ముగింపు" అను. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, కట్టు చెప్తే చాలు.

రష్యాలో లెవ్ పొంత్ర్యాగిన్ కథ ఇంకోరకం. పద్నాలుగో ఏట స్టవ్ పేలి చూపు పోయింది. వాళ్ళమ్మ బట్టలు కుట్టి బతికేది. గణితం ఆమెకి ఒక్క ముక్క రాదు. కొడుక్కి గణితం పుస్తకాలు ఆమే చదివి పెట్టింది. గుర్తుల పేర్లు తెలియవు కాబట్టి కనపడింది కనపడినట్టు చెప్పేది. సమితుల సమ్మేళనం గుర్తుకి "తోకలు పైకి", ఛేదనం గుర్తుకి "తోకలు కిందికి". ఆ కొడుకు ఇరవయ్యో శతాబ్దపు పెద్ద గణితవేత్తల్లో ఒకడయ్యాడు.

మనవాడు టీ.వీ. రామన్ ఉన్నాడు. పుణెలో పెరిగాడు, పద్నాలుగేళ్ళకి చూపు పోయింది. 1994లో కార్నెల్‌లో ఆయన పీహెచ్‌డీ సిద్ధాంతం ఒక ప్రోగ్రామ్, పేరు ఆస్టర్. లేటెక్‌లో రాసిన గణితాన్ని తీసుకుని వినిపిస్తుంది. ఘాతం వస్తే గొంతు పైకి లేస్తుంది. కాగితం మీద ఎత్తు స్థానంలో ఉంటే, ఆయన దాన్ని స్వరంలో పెట్టాడు.

ఇక్కడ నాకు వెలిగిన విషయం ఒకటుంది. రామన్ ప్రోగ్రామ్ చదివింది కనూత్ పని కింద రాసి ఉన్నదాన్ని, దాన్నుంచి వచ్చిన అందమైన పేజీని కాదు. లేటెక్‌లో భిన్నం గీయరు. "భిన్నం, పైన ఇది, కింద ఇది" అని రాస్తారు, గీసే పని మెషీన్‌ది. పేజీ అందం కోసం తపించిన మనిషి తెలిసో తెలియకో పేజీ కనపడనివాళ్ళకి కూడా దారి వేశాడు. కనపడే రూపాన్ని కాకుండా కట్టుని రాసి పెట్టుకుంటే, దాన్ని కంటికి గీయొచ్చు, చెవికి చదవొచ్చు, వేలికి బ్రెయిలీ చేయొచ్చు. బొమ్మని రాసి పెట్టుకుంటే బొమ్మే మిగులుతుంది.

తెలుగువాళ్ళకి ఇది కొత్తగా చెప్పాల్సింది కాదు. మన లిపికి కూడా మేడలున్నాయి. "రాష్ట్రం" అని రాసి చూడండి, ఎన్ని అంతస్తులో. యూనికోడ్‌కి ముందు మనం రకరకాల ఫాంట్లలో టైపు చేసింది తెలుగు బొమ్మల్నే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. ఎన్ని పత్రికల పాత సంచికలు, ఎన్ని పుస్తకాల ఫైళ్ళు అలా ఎవరూ వెతకలేని, ఏ యంత్రమూ చదవలేని గీతలుగా మిగిలిపోయాయో. యూనికోడ్ చేసింది ఏంటంటే, "జ్ఞా" అన్న బొమ్మని దాచలేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అని వరసగా దాచింది. ఒత్తుని కిందకి దింపడం తెర పని. 2018లో ఆ పని చేతకాక, అదే "జ్ఞా" ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్లలో ఆప్స్ కుప్పకూలాయి. అప్పుడు మనం నవ్వుకున్నాం. అయినా ఆ దారే సరైనది. ఎన్‌వీడీఏ మా తమ్ముడికి తెలుగు కథలు చదివి వినిపిస్తోందంటే, వాటి కింద బొమ్మలు కాకుండా అక్షరాలున్నాయి కాబట్టే.

కరణాల లెక్కల్లో వాడిన తెలుగు భిన్నాల గుర్తులు కూడా 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి. నిలువు గీతలు కాలు లెక్కకి, అడ్డగీతలు వీసం లెక్కకి. మూడు నిలువు గీతలు ముక్కాలు, ఒక అడ్డగీత వీసం. మేడ లేకుండా ఒకే వరసలో రాసుకునే భిన్నాలవి. ఇదిగో ముక్కాలు: ౻. మీ ఫోన్లో ఫాంటు లేకపోతే ఇక్కడొక ఖాళీ డబ్బా కనిపిస్తుంది. మా తమ్ముడికి రోజూ ఎదురయ్యేది ఆ డబ్బానే.

*

దారి లేక ఆగిపోయిన వ్యవహారం కాదిది. వెబ్ పేజీలో గణితాన్ని కట్టుతో సహా రాసే పద్ధతి, మాథ్ఎంఎల్, 1998లోనే ప్రమాణమైంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే క్రోమ్ బ్రౌజర్ దాన్ని నిలకడగా తీసుకున్నది 2023 జనవరిలో. మధ్యలో పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళలో ఒక పిల్లాడు పుట్టి, చూపు పోగొట్టుకుని, సీఈసీ చదివేశాడు.

ఇప్పుడు మా ఆదివారాలు మారాయి. నేను పేజీ చూసి లేటెక్‌లో టైపు చేసి పంపిస్తాను, వాడు దాన్ని నేరుగా వింటాడు. కొన్నాళ్ళకి జవాబులు కూడా లేటెక్‌లోనే రాయడం నేర్చుకున్నాడు. మొదటిసారి వాడు పంపినదాన్ని పీడీఎఫ్ చేసి తెరిచాను. భిన్నాలు, ఘాతాలు, సమాకలనాలు అచ్చు పుస్తకంలోలాగా వచ్చాయి. నేనెప్పుడూ అంత శుభ్రంగా లెక్క చేసి ఎరగను. "ఎలా ఉందక్కా?" అన్నాడు. బావుందిరా అన్నాను. "బావుండటం కాదు, లెక్క కరెక్టేనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక లెక్చరర్‌కి పంపాం. కరెక్టే.

పరీక్షలో మాత్రం లేటెక్ ఉండదు. కాగితం ఉంటుంది, స్క్రైబ్ ఉంటారు. సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకుంటే ఆ మనిషి చదువు పరీక్ష రాసేవాడి చదువుకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో రాశారు. కాపీ జరక్కూడదని పెట్టిన నియమం, అర్థం చేసుకోగలం. లెక్కల విషయంలో దాని ఫలితం ఏంటంటే, ఇంటర్ రెండో ఏడాది ప్రశ్నని చూసి పైకి చదవాల్సింది పదో తరగతి చదివిన పిల్ల. సమాకలనం గుర్తు ఆ పిల్ల ఎప్పుడూ చూసి ఉండదు. వాడూ చూడలేదు. ఆ గుర్తు పాఠాల్లోకి వచ్చేసరికి వాడి చూపు లేదు.

స్క్రైబ్‌గా పక్కింటి అమ్మాయి ఒప్పుకుంది, మొన్ననే టెన్త్ పాసైంది. సాయంత్రం ఏడింటికి వచ్చి గంటసేపు కూర్చుంటుంది. వాడు ఆ పిల్లకి లెక్కలు నేర్పడు, నేర్పకూడదు కూడా. చదవడం నేర్పుతున్నాడు. భిన్నం వస్తే "మొదలు" అను, గీత దగ్గర "కింద" అను, అయిపోతే "అయిపోయింది" అను. చూరు ఎక్కడిదాకా ఉందో చెప్పు. పైన చిన్నగా కూర్చున్న అంకెని "పైన" అనకుండా చెప్పకు. పేరు తెలియని గుర్తు వస్తే ఎలా కనపడితే అలా చెప్పు, పేరు నేను పెట్టుకుంటాను.

మొన్న నేను వెళ్ళినప్పుడు ఇద్దరూ పాత ప్రశ్నపత్రం ముందేసుకున్నారు. ఆ పిల్ల ఒక చోట ఆగింది.

"అన్నయ్యా, ఇక్కడో పాముంది. తల దగ్గర ఒకటి, తోక దగ్గర సున్నా."

"పాము ఎటు తిరిగింది?"

అరచేతిలో గీసి చూపించింది. పైన కుడివైపుకి వంకర, కింద ఎడమవైపుకి వంకర. వాడు ఆ గీతని తన వేలితో ఇంకోసారి గీసుకుని, ఇదా ఇంటిగ్రల్ అంటే అన్నాడు. నాకు బ్యాక్‌స్లాష్ ఇంట్ అంటేనే బావుంది అని కూడా అన్నాడు.

"సరే, పాము తర్వాత?"

"మొదలు," అంది ఆ పిల్ల.

పరీక్ష వచ్చే నెల 14న.